సెకండ్ హ్యాండ్ గోల్ఫ్ ఐరన్ల సెట్ కొనాలా వద్దా: టేపు పట్టుకుని తేల్చుకునే పద్ధతి

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా వీధి చుట్టుపక్కల ఈ నాలుగైదేళ్లలో గోల్ఫ్ మొదలుపెట్టిన తెలుగువాళ్లు నాకు తెలిసే పదిమందికి పైగా ఉన్నారు. 2022లో గోల్ఫ్ వృత్తి నిపుణుల సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఇక్కడికి మార్చాక ఊళ్లో ఈ ఆట గురించిన మాటలు ఇంకా పెరిగాయి. మొదలుపెట్టినవాళ్లు ఆర్నెల్లు తిరక్కుండా నాకు ఒక ఫోటో పంపుతారు. ఎవరో అమ్మకానికి పెట్టిన ఐరన్ల సెట్, అంటే బంతిని కొట్టే కర్రల్లో (క్లబ్బుల్లో) సన్నటి లోహపు తల ఉండే, నంబర్లు వేసిన రకం. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది తీసుకోవచ్చా?"

ఫోటో చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేను. సెట్ మంచిదే అయినా అది ఆ మనిషికి సరిపోతుందో లేదో ఫోటోలో కనబడదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న విషయం. నా మొదటి సెట్ ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర కొన్నాను. తళతళా మెరుస్తోంది, పేరున్న కంపెనీ, కొత్తదాని ధరలో మూడో వంతు. దాదాపు రెండేళ్లు దాంతోనే ఆడాను. బంతి ఎప్పుడూ ఎడమకే పోయేది. నా స్వింగే తప్పనుకుని పాఠాలకు వెళ్లాను, గంటలు గంటలు ప్రాక్టీస్ చేశాను, ఎడమకు పోకుండా మణికట్టు బిగబట్టడం అలవాటు చేసుకున్నాను. చివరికి క్లబ్బులు కొలిచి అమర్చే ఒక ఫిట్టర్ వాటిని టేబుల్ మీద పెట్టి చూశాడు. షాఫ్టులు, అంటే క్లబ్ కర్రలు, అర అంగుళం పొడిగించి ఉన్నాయి. కర్ర నేలతో చేసే లై కోణం కూడా నాకంటే బాగా పొడుగైన మనిషికి సరిపడేలా వంచి ఉంది. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. అంటే రెండేళ్లపాటు నాకు సరిపడని క్లబ్బుకు తగ్గట్టు ఒంటిని వంచుకుంటూ వచ్చాను. ఆ చెడు అలవాటు వదిలించుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

అందుకే నేను చెప్పే వరస మారదు. ముందు సరిపోతుందా, తర్వాత బాగుందా, ఆ తర్వాతే ధర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

అడుగు 1: క్లబ్బుల కంటే ముందు మిమ్మల్ని కొలుచుకోండి

ఆడేటప్పుడు వేసుకునే బూట్లు వేసుకుని నిటారుగా నిలబడండి. చేతులు వదులుగా కిందికి వేలాడనివ్వండి. అరచేయి మొదలయ్యే చోట మణికట్టు మీద ఉండే గీత నుంచి నేల వరకు ఇంకొకరి చేత టేపుతో కొలిపించండి. ఎత్తుతోపాటు ఈ కొలత చూసి క్లబ్ ఎంత పొడవుండాలో, లై ఎంత ఉండాలో ఒక అంచనాకు రావచ్చు. ఈ కొలత 34 నుంచి 36 అంగుళాల మధ్య ఉంటే మామూలు పొడవు సెట్లు సాధారణంగా సరిపోతాయి. అంతకంటే తక్కువైతే కొంచెం పొట్టి షాఫ్ట్, లేదా కొంచెం ఫ్లాట్ లై అవసరం కావచ్చు. మన వాళ్లలో చాలామందికి ఈ అవసరం పడుతుంది. అమెరికాలో దొరికే సెట్లలో పొడిగించినవి, అప్‌రైట్‌గా వంచినవి తరచుగా కనిపిస్తాయి కాబట్టి ఈ కొలత మీ దగ్గర రాసి పెట్టుకోండి.

లై అంటే క్లబ్ అడుగుభాగం నేల మీద సరిగ్గా ఆనినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం. కోణం ఎక్కువైతే అప్‌రైట్, తక్కువైతే ఫ్లాట్. కుడిచేతివాటం మనిషికి మరీ అప్‌రైట్ క్లబ్ బంతిని ఎడమకు పంపుతుంది, మరీ ఫ్లాట్ క్లబ్ కుడికి పంపుతుంది. నా రెండేళ్ల బాధ ఇదే.

తర్వాత తెలియాల్సింది మీ 7 ఐరన్ దూరం. రేంజిలో, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోట, ఎవరి క్లబ్ అయినా అడిగి తీసుకుని ఇరవై బంతులు కొట్టండి. అన్నింటికన్నా దూరం వెళ్లిన బంతిని లెక్కలోకి తీసుకోకండి. ఎక్కువ బంతులు గాల్లో ఎంత దూరం పోయి పడుతున్నాయో చూడండి. 140 గజాల లోపు అయితే రెగ్యులర్ ఫ్లెక్స్ షాఫ్టుల వైపు, అంటే కాస్త వంగేవాటి వైపు, చూడండి. 155 దాటితే స్టిఫ్, అంటే గట్టివి. మధ్యలో ఉంటే రెండూ కొట్టి చూడాలి. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, అయినా ఫోటోలు చూసి మనసు పారేసుకోకుండా ఆపడానికి చాలు.

అడుగు 2: ఏ రకం హెడ్ కావాలో నిర్ణయించుకోండి

హెడ్ అంటే కర్ర చివర బంతికి తగిలే తల. దాని వెనక భాగం నునుపుగా, పలచగా ఉంటే దాన్ని బ్లేడ్ అంటారు. వెనక గుంటలా తొలిచి, బరువును అంచుల వైపు పంచితే క్యావిటీ బ్యాక్. నార్వేలోని బెర్గెన్‌లో పుట్టి, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో కాలిఫోర్నియాలో తన ఇంటి గ్యారేజీలో పింగ్ కంపెనీ మొదలుపెట్టాడు. బరువును అంచులకు పంచే ఆలోచనను అందరికీ చేరవేసింది ఆయనే. బంతి ఫేస్ (హెడ్ ముందువైపు, బంతికి తగిలే భాగం) మధ్యలో తగలకపోయినా క్లబ్ తక్కువగా మెలితిరుగుతుంది, దూరం మరీ పడిపోదు. నూటికి తొంభై అయిదు మందికి ఇదే కావాలి.

ఇంకో రకం లోపల బోలుగా ఉండే హెడ్లు. చూడటానికి బ్లేడులా సన్నగా ఉంటాయి, బంతి మాత్రం దూరం పోతుంది. టేలర్‌మేడ్ పీ790 లాంటివి ఈ రకం. బాగుంటాయి, కానీ సెకండ్ హ్యాండులో వీటిని మరింత జాగ్రత్తగా చూడాలి. ఫేస్ పలచగా ఉంటుంది, లోపల ఏదైనా ఊడితే బయటికి కనబడదు.

కొత్తగా ఆడేవారెవరైనా బ్లేడుల సెట్ చవగ్గా వచ్చిందని ఫోటో పంపితే నేను వద్దనే చెబుతాను. చేతిలో ఎంత అందంగా ఉన్నా సరే.

అడుగు 3: అమ్మేవారిని అడగాల్సినవి

బయలుదేరేముందు మెసేజిలోనే కొన్ని తేల్చుకోండి. సెట్లో ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా ఉన్నాయి? 5 నుంచి పిచింగ్ వెడ్జ్ (9 తర్వాత వచ్చే, దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్) దాకానా, 4 నుంచా? మధ్యలో ఏదైనా పోయిందా? ఒక్క 8 ఐరన్ లేకపోయినా నేను ఆ సెట్ వదిలేస్తాను. విడిగా అదే మోడల్, అదే షాఫ్ట్, అదే లై ఉన్న ఒక్క క్లబ్ వెతకడం నెలల పని.

కుడిచేతివాటమా ఎడమచేతివాటమా అన్నదీ అడగండి. ఫోటోలో అద్దంలో చూసినట్టు తిరగబడి కనబడితే పొరపడటం తేలిక.

షాఫ్ట్ మీద అంటించిన పట్టీ ఫోటో దగ్గర్నుంచి తీసి పంపమనండి. ఈ పట్టీ చూడకుండా నేను బయలుదేరను. ట్రూ టెంపర్ డైనమిక్ గోల్డ్ ఎస్300 అని ఉంటే అది సుమారు 130 గ్రాముల షాఫ్ట్. నిప్పాన్ ఎన్‌ఎస్ ప్రో 950 అయితే వంద గ్రాముల లోపే. కాగితం మీద ముప్పై గ్రాములంటే ఏమీ కాదనిపిస్తుంది. వారానికి ఒకసారి ఆడే నలభై అయిదేళ్ల మనిషికి పద్నాలుగో హోల్ దగ్గర ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది. అక్కడి నుంచి బంతి వెనక నేలకు తగలడం మొదలవుతుంది. బరువైన స్టిఫ్ షాఫ్ట్ ఉన్న పాత సెట్లు చవగ్గా దొరకడానికి ఇది ఒక పెద్ద కారణం. ఆ సెట్లలో లోపం ఉందని కాదు, వాటికి తగ్గ వేగం ఉన్నవాళ్లు తక్కువ.

పొడవు మార్చారా, లై వంచారా, షాఫ్టులు మార్చారా, గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) కింద టేపు అదనంగా చుట్టారా అని సూటిగా అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు వెంటనే చెప్పేస్తారు. 'తెలీదు, మా మామయ్యవి' అంటే అది కూడా సమాచారమే. కొలిచి చూడాలని అర్థం.

అడుగు 4: లాఫ్ట్ లెక్క చూడండి

ఈ అడుగును ఎక్కువమంది వదిలేస్తారు. ఖర్చు పెరిగేది మాత్రం ఇక్కడే.

7 ఐరన్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని 7 ఐరన్లూ ఒకటి కావు. లాఫ్ట్ అంటే ఫేస్ ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పే కోణం. అది తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది. టైటిలిస్ట్ టీ100లో 7 ఐరన్ లాఫ్ట్ 34 డిగ్రీలు. పింగ్ జీ425లో 30. దాని తర్వాత వచ్చిన జీ430లో 29. అంటే జీ430లో 7 ఐరన్ అని రాసి ఉన్నది పాత తరం సెట్లలో 5, 6 ఐరన్ల మధ్య ఎక్కడో పడుతుంది. రేంజిలో దాంతో కొట్టి 'ఇరవై గజాలు ఎక్కువ పోయింది' అని సంబరపడి డబ్బు తీసేముందు అడుగున రాసిన నంబర్ మర్చిపోయి లాఫ్ట్ ఎంతో చూడండి.

ఇప్పుడు సెట్ చివరికి రండి. జీ425 పిచింగ్ వెడ్జ్ 44.5 డిగ్రీలు, జీ430ది 41. మీ బ్యాగులో ఇప్పటికే 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ ఉందనుకోండి. జీ430 సెట్ కొంటే ఆ రెంటి మధ్య 15 డిగ్రీల ఖాళీ. మామూలుగా నాలుగైదు డిగ్రీలకు ఒక క్లబ్ ఉండాలి. ఆ ఖాళీ పూడ్చడానికి ఇంకో రెండు వెడ్జులు కావాలి. పిన్‌కు (గుంటలో నిలబెట్టిన జెండా కర్రకు) ఎనభై, తొంభై గజాల దూరంలో ఉన్నప్పుడు చేతిలో సరైన క్లబ్ లేకపోవడం అంటే ఏమిటో ఆడినవాళ్లకు తెలుసు. అందుకే కొత్త తరం సెట్ చూసేటప్పుడు పిచింగ్ వెడ్జ్ తర్వాత వచ్చే వెడ్జ్ కూడా సెట్‌లో ఇస్తున్నారా అని అడగండి. ఇస్తే ఆ సెట్ విలువ పెరిగినట్టే. ఇవ్వకపోతే ఆ ఖర్చు మీ లెక్కలో వేసుకోండి. బ్యాగులో 14 క్లబ్బులకు మించకూడదన్న నియమమూ గుర్తుంచుకోవాలి.

అడుగు 5: చేతికి తీసుకుని పరీక్షించండి

ఎక్కడ కలుద్దామంటే డ్రైవింగ్ రేంజి దగ్గరే అని చెప్పండి. బంతుల డబ్బు నేనిస్తాను అనండి. దాంతో చాలామంది ఒప్పుకుంటారు. ససేమిరా ఒప్పుకోకుండా పార్కింగులో రెండు నిమిషాల్లో తేల్చేద్దాం అనేవారి దగ్గర నేను కొనను.

రాగానే క్లబ్బులన్నీ నంబర్ వరసలో నేల మీద పక్కపక్కన పరచండి. అడుగు భాగాలు ఒక వరసలో ఉంటే పైన గ్రిప్ చివర్లు మెట్లలా, ఒక్కో మెట్టు అర అంగుళం చొప్పున దిగుతూ కనిపించాలి. ఎక్కడైనా మెట్టు ఎగిరితే ఆ క్లబ్ షాఫ్ట్ ఎవరో మార్చారు, లేదా కోశారు. టేపు తీసి 7 ఐరన్ కొలవండి. స్టీల్ షాఫ్ట్ అయితే మామూలుగా 37 అంగుళాలు ఉంటుంది. స్టీల్ షాఫ్టుల మీద ఉండే చిన్న గట్లలాంటి అంచులు కూడా వరసగా ఒక పద్ధతిలో జరుగుతూ రావాలి. ఒక్కదాంట్లో అమరిక వేరుగా ఉంటే అది వేరే షాఫ్ట్. పొడవు అర అంగుళం మారితే స్వింగ్ వెయిట్, అంటే ఊపినప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే అంకె, సుమారు మూడు పాయింట్లు మారుతుంది. మూడు పాయింట్ల తేడా చేతికి తెలుస్తుంది.

ఒక్కో షాఫ్టును టేబుల్ మీద దొర్లించండి. వంగి ఉంటే గెంతుతూ దొర్లుతుంది. గ్రిప్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూసినా తెలుస్తుంది. స్టీల్ మీద తుప్పు ఉంటే గోరుతో గీకండి. పైపై రంగులా రాలిపోతే బెంగ లేదు. గుంటలు పడి ఉంటే వదిలేయండి, ముఖ్యంగా హెడ్ కలిసే చోట. గ్రాఫైట్ షాఫ్ట్ అయితే హెడ్ దగ్గర రెండు మూడు అంగుళాల మేర వేలితో నిమిరి చూడండి. సన్నటి పగులైనా, పొర లేచినట్టున్నా ఆ క్లబ్ ఏదో ఒక రోజు విరుగుతుంది. విరిగినప్పుడు హెడ్ ఎగిరి ఎవరికైనా తగలవచ్చు. ఈ ఒక్క విషయంలో నేను బేరమే ఆడను, లేచి వచ్చేస్తాను.

షాఫ్ట్ హెడ్‌లోకి దిగే చోట నల్లటి ప్లాస్టిక్ ఉంగరం లాంటిది ఉంటుంది, ఫెరూల్ అంటారు. అది పైకి జరిగి హెడ్‌కూ దానికీ మధ్య సందు కనిపిస్తే లోపలి జిగురు వదులైందేమో అనుమానించండి. ఫెరూల్ ఒక్కటే జరిగి ఉంటే దాన్ని తిరిగి అతికించవచ్చు. హెడ్ పట్టుకుని మెలితిప్పినప్పుడు కొంచెమైనా కదిలితే మళ్లీ బిగించాల్సిందే. తర్వాత హెడ్ చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగల వినబడితే జిగురు ముక్క కావచ్చు, ఊడిన బరువు కావచ్చు. బోలు హెడ్లలో ఆ చప్పుడును తేలిగ్గా తీసుకోకండి.

ఇక ఫేస్. గాడుల అంచులు గోరుకు తగులుతున్నాయా అని 9 ఐరన్ మీద, పిచింగ్ వెడ్జ్ మీద చూడండి. ఎక్కువ అరిగేవి ఈ చిన్న క్లబ్బులే. 5 ఐరన్ కొత్తదానిలా మెరుస్తుంటే సంతోషించకండి, దాన్ని ఎవరూ పెద్దగా వాడరు. గాడులు అరిగితే పొడి గడ్డి మీద పెద్దగా తెలియదు. తడి గడ్డిలో, పొడుగు గడ్డి ఉండే రఫ్‌లో బంతికి స్పిన్ తగ్గుతుంది, గుంట చుట్టూ ఉండే గ్రీన్ మీద పడి ఆగకుండా జారిపోతుంది. అంచులు మరీ పదునుగా, గాడుల లోపల కొత్తగా గీకినట్టు తెల్లగా ఉంటే ఎవరో పనిముట్టుతో తిరగతోడారని అర్థం. అలాంటి క్లబ్ నియమాలకు లోబడి ఉండకపోవచ్చు.

గాడుల నియమం గురించి ఇంకొక మాట. 2010 జనవరి 1 నుంచి తయారయ్యే క్లబ్బులకు గాడుల పరిమాణం, అంచుల పదును మీద కొత్త హద్దులు వచ్చాయి. అంతకుముందు నాటి సెట్లలో కొన్ని ఈ హద్దులు దాటుతాయి. పింగ్ ఐ2 అనే పాత సెట్ కథ ఇంకా విచిత్రం. దాని చదరపు గాడుల మీద అమెరికాలో గోల్ఫ్ నియమాలు నిర్ణయించే యూఎస్‌జీఏతో నడిచిన వివాదం 1990లో రాజీతో ముగిసింది. 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైనవి నియమబద్ధమేనన్న ఆ రాజీ వల్ల 2010లో పేరున్న ఆటగాడు ఫిల్ మికెల్సన్ పాత ఐ2 వెడ్జ్ తీసుకొచ్చి వృత్తి ఆటగాళ్ల టూర్‌లో ఆడాడు, పెద్ద గొడవ అయింది. శనివారం స్నేహితులతో ఆడుకునే మనకు ఇది అడ్డు రాదు. పోటీల్లో ఆడాలనుకుంటే మాత్రం పాత సెట్ కొనేముందు ఆ పోటీ నిబంధనలు చదవండి.

అడుగుభాగం మీద అరుగుదల చూస్తే పాత యజమాని ఎలా ఆడేవాడో తెలుస్తుంది. షాఫ్ట్ వైపు మూల, దాన్ని హీల్ అంటారు, అక్కడ ఎక్కువ అరిగి ఉంటే ఆ క్లబ్ ఆయనకు మరీ అప్‌రైట్. అవతలి కొన, అంటే టో వైపు అరిగి ఉంటే మరీ ఫ్లాట్. ఆయన మీకంటే పొడుగా పొట్టా అని కళ్లారా చూడగలరు కాబట్టి ఈ గుర్తుతో కలిపి ఆలోచించండి. ఆకుపచ్చ చారలు కనిపిస్తే రేంజిలో ప్లాస్టిక్ చాపల మీద తెగ వాడారని అర్థం. బ్యాగులో ఒకదానికొకటి తగిలి పడిన చిన్న చిన్న నొక్కులు మాత్రం ఆటను ఏమీ చేయవు. వాటిని చూపించి ధర తగ్గించుకోండి.

పింగ్ సెట్లలో లై గుర్తుపట్టడం తేలిక. హెడ్ మీద రంగు చుక్క ఉంటుంది. నలుపు మామూలు లై. నీలం, ఆకుపచ్చ అప్‌రైట్ వైపు. ఎరుపు, నారింజ ఫ్లాట్ వైపు. ఏ రంగుకు ఎన్ని డిగ్రీలు అన్నది పాత చార్టుకూ కొత్త చార్టుకూ తేడా ఉంది కాబట్టి మోడల్ ఏ సంవత్సరానిదో చూసి సరిచూసుకోండి. అన్ని క్లబ్బుల మీదా ఒకే రంగు ఉందో లేదో కూడా చూడండి.

గ్రిప్పులు గట్టిపడి మెరుస్తుంటే మార్చాల్సిందే. అది లోపం కింద లెక్క కాదు, ఖర్చు కింద లెక్క.

అడుగు 6: నకిలీ కాదని తేల్చుకోండి

పేరున్న కంపెనీల నకిలీ ఐరన్లు చాలా ఏళ్లుగా మార్కెట్లో తిరుగుతున్నాయి. వీటిని అడ్డుకోవడానికే పెద్ద కంపెనీలు కొన్ని కలిసి 2004లో ఒక ఉమ్మడి బృందం పెట్టుకున్నాయి. ఇంకా ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని కొత్త మోడల్ సగం కన్నా తక్కువ ధరకు వస్తుంటే ముందు అనుమానించండి.

అక్షరాల మందం, రంగు నింపిన తీరు అన్ని క్లబ్బుల మీదా ఒకేలా ఉన్నాయా అని చూడండి. నకిలీల్లో రంగు గాడి దాటి పూసి ఉంటుంది, షాఫ్ట్ పట్టీ వంకరగా ఉంటుంది, హెడ్ల ముగింపు గరుకుగా ఉంటుంది. సీరియల్ నంబర్ షాఫ్ట్ దిగే గొట్టం మీద, అంటే హోజెల్ మీద, చెక్కి ఉంటుంది. చాలా కంపెనీలు సెట్ మొత్తానికి ఒక్క క్లబ్ మీదే వేస్తాయి కాబట్టి అన్నింటి మీదా లేదని గాబరా పడకండి. ఆ నంబర్ గీకేసి ఉంటే మాత్రం నకిలీ కావచ్చు, దొంగ సొమ్మూ కావచ్చు. రెండిట్లో ఏదైనా మనకు వద్దు. నంబర్ ఉంటే కంపెనీ కస్టమర్ సర్వీసుకు ఫోన్ చేసి అడగండి. పింగ్ వాళ్లయితే ఆ నంబర్‌ను బట్టి సెట్ ఏ పొడవుతో, ఏ లైతో తయారై బయటికి వెళ్లిందో కూడా చెప్పగలరు. తర్వాత ఎవరైనా మార్చారా లేదా అన్నది దాంతో పోల్చుకోవచ్చు.

అడుగు 7: కొట్టి చూడండి

ఒళ్లు వేడెక్కేదాకా మీ పాత క్లబ్‌తో పది బంతులు కొట్టండి. తర్వాత 7 ఐరన్‌తో పది, సెట్లో అన్నిటికన్నా పొడవైనదానితో అయిదు, పిచింగ్ వెడ్జ్‌తో అయిదు. పొడవైన ఐరన్ గాల్లోకి లేవకపోతే అది మీ బ్యాగులో బరువే. అలాంటప్పుడు ఆ క్లబ్ లేని సెట్, తక్కువ ధరకు, మీకు నయం.

కాళ్లకు కొట్టుకునే పౌడర్ స్ప్రే ఒకటి తీసుకెళ్లండి. యజమానిని అడిగి ఫేస్ మీద పలచగా కొట్టండి. బంతి తగిలిన చోట గుండ్రటి మచ్చ పడుతుంది. పది బంతుల్లో ఏడు ఒకే చోటుకు దగ్గరగా తగిలితే పొడవు మీకు సరిపోయినట్టే. మచ్చలన్నీ హీల్ వైపో టో వైపో పోగుపడితే పొడవు గురించి ఆలోచించండి.

లై చూడటానికి ఇంకో చిట్కా. బంతి మీద మార్కర్‌తో మందంగా ఒక గీత గీయండి. ఆ గీత నిలువుగా, క్లబ్ తగిలే వైపుకు ఉండేలా బంతిని పెట్టి కొట్టండి. గీత ముద్ర ఫేస్ మీద పడుతుంది. ముద్ర నిటారుగా ఉంటే లై సరిపోయింది. ముద్ర కింది కొన హీల్ వైపు చూస్తుంటే క్లబ్ మీకు మరీ అప్‌రైట్, టో వైపు చూస్తుంటే మరీ ఫ్లాట్. ఒక్క బంతితో తీర్పు చెప్పకండి, అయిదారు కొట్టండి. ఈ పరీక్ష పదేళ్ల కిందట నాకు ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్లు వృథా అయ్యేవి కావు.

లై ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే సెట్ వదులుకోనక్కర్లేదు. ఫోర్జ్‌డ్ హెడ్లు, అంటే మెత్తటి ఉక్కును కాల్చి సాగగొట్టి చేసినవి, రెండు డిగ్రీల దాకా సాధారణంగా వంచవచ్చు. మిజునో వాళ్లు హిరోషిమాలో చేయించే ఐరన్లు ఈ రకమే. అచ్చుపోసిన గట్టి స్టెయిన్‌లెస్ హెడ్లలో కొన్ని వంచితే విరుగుతాయి. వంచగలరా లేదా అన్నది కొనేముందే ఒక రిపేర్ షాపుకు ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పి అడగండి.

అడుగు 8: ఇప్పుడు ధర

ఆన్‌లైన్లో ఎంతకు అమ్మజూపుతున్నారో చూడకండి, ఎంతకు అమ్ముడుపోయాయో చూడండి. ఈబేలో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే వడపోత ఉంది. గ్లోబల్ గోల్ఫ్, సెకండ్ స్వింగ్, క్యాలవే ప్రీ ఓన్డ్ లాంటి చోట్ల అదే సెట్ ఎంతకు ఉందో కూడా చూడండి. ఇలాంటి దుకాణాల్లో కాస్త ఎక్కువైనా సరుకు స్థితి గ్రేడు వేసి చెబుతారు. వాపసు ఇచ్చే నిబంధన ఏమిటో చదువుకోవచ్చు. మీ కొలతలు మీకు ఇంకా నమ్మకంగా తెలియకపోతే ఆ అదనపు డబ్బు దండగ కాదు.

ఒక లెక్క వేద్దాం. సెట్‌కు 400 డాలర్లు అడిగారు. ఏడు గ్రిప్పులు మార్చడానికి, బిగింపుతో కలిపి మా ప్రాంతంలో ఒక్కోదానికి 12 నుంచి 15 డాలర్లు అనుకుంటే, వంద దాకా అవుతుంది. లై సరిచేయడానికి ఒక్కో క్లబ్‌కు 5 నుంచి 10 డాలర్లు, అంటే మరో యాభై. మధ్యలో వెడ్జ్ లేకపోతే సెకండ్ హ్యాండుదే అయినా ఇంకో 60, 70. అంటే మీరు కొంటున్నది 600 డాలర్ల సెట్. ఆ డబ్బుకు ఏమీ మార్చనక్కర్లేని సెట్ దొరుకుతుందా అని చూడండి. దొరుకుతుంటే అదే కొనండి. షాఫ్టులన్నీ మార్చాల్సి వస్తే మాత్రం లెక్క వేయడం కూడా అనవసరం. ఆ సెట్ మీది కాదు.

రెండు తరాల వెనకటి క్యావిటీ బ్యాక్ సెట్, రెగ్యులర్ ఫ్లెక్స్, వందకు అటూ ఇటూ గ్రాముల షాఫ్ట్, మామూలు లై, మధ్యలో వెడ్జ్ కూడా ఉన్నది. కొత్తగా ఆడేవాళ్లలో ఎక్కువమందికి నేను సూచించేది ఇదే. తాజా మోడల్‌కూ దానికీ మన ఆటలో తేడా కనిపెట్టడం కష్టం, ధరలో మాత్రం బాగా కనిపిస్తుంది.

ఇక్కడ కొని హైదరాబాదుకో విశాఖకో పంపేవాళ్లకు

ఇక్కడ సెట్లు విరివిగా దొరుకుతాయి కాబట్టి రిటైరైన నాన్నగారికో బావగారికో కొని తీసుకెళ్దామనుకునేవాళ్లు చాలామంది. మంచి ఆలోచనే, కానీ క్లబ్ పట్టుకునే మనిషి ఇక్కడ ఉండడు. అందుకని ముందు అక్కడ మణికట్టు కొలత తీయించండి. గోల్కొండ కోట పక్కనున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లోనో, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌లోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో ఆడేవారైతే అక్కడి కోచ్‌ని ఒక్కసారి చూడమనండి. 7 ఐరన్ దూరం ఎంత, బంతి ఎటు పోతోంది అన్నది ఆయన అరగంటలో చెబుతారు. అరవై దాటినవారికి గ్రాఫైట్ షాఫ్ట్ ఉన్న సెట్ చూడండి, మోచేతులకు హాయి. విశాఖ సముద్రపు గాలికి స్టీల్ త్వరగా తుప్పు పడుతుంది. అక్కడికి వెళ్లే సెట్ మీద క్రోమ్ పూత లేచి ఉండకూడదు. విమానంలో తీసుకెళ్లేటప్పుడు గట్టి కవరులో పెట్టి, హెడ్లకు తువ్వాళ్లు చుట్టండి.

కొన్నాక మొదటి వారం

గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి, పాత టూత్ బ్రష్‌తో గాడులు శుభ్రం చేయండి. హెడ్లు మాత్రమే తడపాలి. బకెట్లో నిలువునా ముంచి వదిలేస్తే ఫెరూల్ సందులోకి నీళ్లు దిగుతాయి. గ్రిప్పులు కూడా సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టండి. కొన్నిసార్లు మార్చాలనుకున్నవి ఇంకో ఏడాది పనికొస్తాయి.

తర్వాత సెట్ మొత్తాన్ని ఒక రిపేర్ షాపులో ఇచ్చి లాఫ్ట్, లై కొలిపించండి. చాలా ఏళ్లు వాడిన ఫోర్జ్‌డ్ సెట్లలో చాపల మీద కొట్టి కొట్టి ఒకటి రెండు క్లబ్బులు రెండు డిగ్రీలు జరిగి ఉండటం నేను చూశాను. 8 ఐరన్, 9 ఐరన్ ఒకే దూరం పోతున్నాయంటే కారణం అదే కావచ్చు. కొలతలు వచ్చాక రేంజికి వెళ్లి ఒక్కో క్లబ్‌తో పదేసి బంతులు కొట్టి, మధ్యస్థంగా ఎంత దూరం పడుతున్నాయో ఒక కార్డు మీద రాసి బ్యాగు జేబులో పెట్టుకోండి.